ఆ రెండు ప్రశ్నలు అడగకుండా సున్నా వేయకండి: ఒక మెడికల్ షాపు నుంచి బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో పనిచేస్తున్న డాక్టర్లకు,

నమస్కారం.

నేను ఒక మండల కేంద్రంలో 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మా ఊళ్లలో మనసు జబ్బులను ఎవరూ గుర్తుపట్టడం లేదన్న విషయం మీద, జనం ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణికి ఇప్పటికి రెండుసార్లు వచ్చి దరఖాస్తు ఇచ్చాను. మొదటిసారి రశీదు ఇచ్చారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. రెండోసారి ఇచ్చిన మూడు వారాలకు ఫోనుకు మెసేజ్ వచ్చింది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు అందుబాటులో ఉన్నారట, కాబట్టి నా ఫిర్యాదు పరిష్కారమైనట్టేనట. జిల్లా ఆస్పత్రిలో డాక్టరు ఉన్నారని నాకు ముందే తెలుసు. మా ఊళ్లో ఒక మనిషికి వచ్చింది మనసు జబ్బని గుర్తుపట్టి, ఆ డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పేవాళ్లు ఎవరు అని నేను అడిగాను. దానికి జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమె సరే అన్నాకే రాస్తున్నాను.

అక్కకు 46 ఏళ్లు. మండల కేంద్రానికి 11 కిలోమీటర్ల దూరంలో ఊరు. నాలుగెకరాల పత్తి, రెండు బర్రెలు. బతుకమ్మ పేర్చాలంటే ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. తంగేడు పూల కోసం తెల్లవారకముందే చెలక గట్ల వెంట పోయే మనిషి. ఒక ఏడు ఎంగిలిపూల నాడు ఇంట్లోంచి బయటికే రాలేదు. పత్తి పనికి అలిసిపోయిందిలే అనుకున్నాం. సద్దుల బతుకమ్మ నాడు పిల్లలు బలవంతాన లేపితే, తల కూడా దువ్వుకోకుండా వచ్చి అరుగు మీద కూర్చుంది. పాట సగంలో ఉండగానే లేచి లోపలికి పోయింది. అది మేమందరం చూశాం. అదొక జబ్బు లక్షణమని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఒళ్లు చెప్పడం మొదలుపెట్టింది. కడుపులో మంట. ఛాతీ పట్టేసినట్టుండటం. తల మీద బండ పెట్టినట్టు బరువు. అన్నం మట్టి నమిలినట్టుందని పక్కకు నెట్టేది. రాత్రి తొమ్మిదికే పడుకునేది, మూడింటికి మెలకువ వచ్చేది, ఇక కన్ను మూతపడేది కాదు. ఊళ్లో ఆర్ఎంపీ సెలైన్ పెట్టాడు, బలానికి ఇంజెక్షన్లు చేశాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐదు రోజులకు గ్యాస్ మాత్రలు ఇచ్చారు. పట్నంలో పెద్దాస్పత్రులు తిరిగారు. ఆమె కాగితాలన్నీ చీరల షాపు వాళ్లిచ్చిన ఒక పసుపు సంచిలో ఉండేవి. ఆ సంచిలో నాలుగు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ఒక ఎండోస్కోపీ, కడుపు స్కానింగులు రెండు, తల స్కానింగు ఒకటి, థైరాయిడ్ పరీక్షలు మూడు. అన్నిటి మీదా ఒకటే మాట, నార్మల్.

ఒకరోజు ఆ సంచి నా కౌంటర్ మీద పెట్టి అక్క అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. ‘తమ్మీ, నాకు ఫలానా రోగముందని ఒక్క కాగితంలనన్న రాస్తే బాగుండు. ఇంట్ల అందరు నేను యాక్షన్ చేస్తున్న అనుకుంటున్నరు.’

రెండేళ్లలో లక్షా 80 వేలు ఖర్చయింది. అక్క గాజులు బ్యాంకులోకి పోయాయి. ఆ రెండేళ్లూ ఆమెకు గ్యాస్ మాత్రలు, బి-కాంప్లెక్స్ ఇచ్చిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ తప్పు నేను ఒప్పుకుంటున్నాను. అందుకే ఈ లేఖలో ఎవరినీ దోషిగా నిలబెట్టడం లేదు. జరగాల్సిన పని జరగాలని అడుగుతున్నాను.

చివరికి గుర్తుపట్టింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. రాత్రి పదకొండింటికి గుండెపోటే అనుకుని అక్కను ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈసీజీ తీశారు, మళ్లీ నార్మల్. ఆ డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి స్టూలు లాక్కుని కూర్చుంది. ‘అమ్మా, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తుంది? మళ్లీ నిద్ర పడుతుందా?’ అని అడిగింది. తర్వాత, ‘ఈ మధ్య దేని మీదికైనా మనసు పోతుందా?’ అంది. అక్క జవాబు చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మాట అడగాల్సిన కాగితం అక్క ఇంటికి అంతకుముందే వచ్చింది.

30 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపాలి. సీబాక్ ఫారం అంటారు. బీపీ, షుగరు, క్యాన్సర్ల ముప్పు ముందే పట్టుకోవడానికి పెట్టింది. వయసు, పొగాకు, మందు అలవాటు, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా షుగరుందా, ఇవన్నీ అడుగుతారు. ఆ ఫారం చివరి భాగంలో రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఇష్టం, సంతోషం తగ్గాయా? దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కు. రెండూ కలిపి మూడు దాటితే డాక్టరు దగ్గరికి పంపాలి. అంతే. యంత్రం అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు.

అక్క ఫారం నేను తర్వాత చూశాను. రెండింటికీ సున్నా. బతుకమ్మ పాట సగంలో లేచిపోయిన మనిషికి, ఇష్టం తగ్గిందా అన్న ప్రశ్న దగ్గర సున్నా.

ఆ ఫారం నింపినామెను అడిగాను. ఆమె దాచలేదు. ‘ఆ రెండు అడిగితే జనం కోపానికొస్తరన్నా. నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నవా అంటరు. అత్త ముందట కోడలు ఏం చెప్తది? మొగోళ్లయితే నవ్వుతరు. అందరికీ సున్ననే వేస్తం’ అంది. ఆమెను నేను తప్పు పట్టలేను. నడుము కొలిచే టేపు ఆమెకు ఇచ్చారు, ఈ మాట ఎట్లా అడగాలో చెప్పలేదు. గర్భిణులు, టీకాలు, టీబీ, సర్వేలు అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. పైనుంచి ఫారాల సంఖ్య అడుగుతారు గానీ, వాటి లోపల ఏముందో అడగరు.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. దిగులు, ఆందోళన లాంటి సాధారణ సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ 12లో లేవు. అయినా ఆ లెక్కనే పట్టుకుంటే, రెండు వేల మంది పెద్దలున్న ఊళ్లో రెండు వందల మందికి పైగా ఉండాలి. మా ఆశా చెప్పిన ప్రకారం ఫారాల్లో ఒక్కరూ లేరు.

మరి వాళ్లంతా ఎక్కడున్నారు? నా షాపు ముందు ఉన్నారు. 19 ఏళ్లలో ‘నాకు డిప్రెషన్ ఉంది’ అంటూ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనం భాష వేరు. ‘గుబులు గుబులైతుంది’, ‘గుండె జారినట్టయితుంది’, ‘అరికాళ్లల్ల మంటలు’, ‘నరాల వీక్‌నెస్’, ‘ఒంట్ల సత్తువ లేదు’, ‘ఊకె టెన్షన్ అయితుంది’. పెద్దవాళ్లయితే ‘రంది పట్టుకుంది’, ‘మనాది’ అంటారు. మన భాషలో ఈ జబ్బుకు పేర్లున్నాయి. మన ఓపీ చీటీలో వాటికి చోటు లేదు.

డాక్టర్లకు తెలియనిది నేను చెప్పబోవడం లేదు. ఈ లేఖ చదివే మామూలు జనం కోసం మాత్రం నాలుగు మాటలు విడమరిచి రాస్తున్నాను. బాధ అందరికీ ఉంటుంది. పంట పోతే, మనిషి పోతే దిగులు పడటం జబ్బు కాదు. కానీ రెండు వారాలు దాటినా, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, లేదా ఇదివరకు ఇష్టమైన దేని మీదా మనసు పోకుంటే ఆగి చూడాలి. దానికి తోడు నిద్ర చెడటం, తిండి తగ్గడం లేదా మరీ పెరగడం, ఏ పనీ చేయకుండానే అలసట, మాట నడక నెమ్మదించడం లేదా కాలు నిలవకపోవడం, పని మీద ధ్యాస కుదరకపోవడం, ‘నేనెందుకూ పనికిరాను, అందరికీ భారమయ్యాను’ అనుకోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కొన్ని కలిసి ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు. కొందరికి కన్నీళ్లే రావు, ఒంటి నొప్పులే వస్తాయి. మా అక్కకు జరిగింది అదే.

ఆందోళన జబ్బు ఇంకో రకం. పిల్లాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ప్రమాదమే జరిగిందని, ఫోన్ మోగితే చావు కబురేనని, ఇలా నెలల తరబడి ప్రతి చిన్నదానికీ మనసు చెడునే ఊహిస్తుంది. మెడ, భుజాలు బిగుసుకుంటాయి. నిద్ర పట్టదు. చిరాకు. కొందరికి ఇది ఉన్నట్టుండి దాడి చేసినట్టు వస్తుంది. గుండె దడ, చెమటలు, వణుకు, ఊపిరాడకపోవడం, ఈ క్షణమే చచ్చిపోతానన్న భయం. కొద్ది నిమిషాల్లోనే అది శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. దీన్ని పానిక్ అంటారు. మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే ఈసీజీ తీయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అలాగే రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాంటి అలసటే తెస్తాయి కాబట్టి ఒకసారి చూడాలి. నా బాధంతా ఐదోసారి ఈసీజీ గురించే. నాలుగు నార్మల్‌లు వచ్చాక కూడా మనసు సంగతి అడగకుండా ఐదోది రాయడం గురించే.

ఇలా గుర్తించకపోవడం వల్ల మామూలు జనానికి ఏమవుతుందో నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

1. ఇల్లు అప్పుల పాలవుతుంది. జబ్బు పేరు తెలియనంత కాలం పరీక్షలు ఆగవు. అక్కకు చివరికి రాసిన మందు ఖర్చు నెలకు వంద రూపాయలు దాటలేదు. ఆ వంద రూపాయల మందు దగ్గరికి చేరడానికి లక్షా 80 వేలు పట్టింది.

2. జనం నిద్ర మాత్రలకు అలవాటు పడుతున్నారు. ఇది నా వృత్తిలో విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఆల్ప్రజోలం లాంటి మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నా రిజిస్టరు తిరగేస్తే నెల నెలా అవే పేర్లు. మొదట ఎవరో పది రోజులకు రాశారు, అదే చీటీని అరిగిపోయేదాకా తిప్పుతున్నారు. నేను ఇవ్వనంటే ఇంకోచోటికి పోతారు. ఆ మాత్ర నిద్రపుచ్చుతుంది గానీ లోపలి దిగులును తగ్గించదు. కొన్నాళ్లకు ఒకటి చాలదు, రెండు కావాలి. ఒక్కసారిగా మానేస్తే వణుకు, భయం ఇంకా ఎక్కువవుతాయి. అసలు జబ్బును మొదట్లోనే గుర్తించి ఉంటే వీళ్లలో చాలామంది ఆ రిజిస్టరులోకి ఎక్కేవాళ్లే కాదు.

3. మగవాళ్ల దిగులు తాగుడు కింద, కోపం కింద జమ అవుతుంది. మాట పడనివాడు, చేయి చేసుకునేవాడు అని ముద్ర పడుతుంది. తాగకముందు నుంచే నిద్ర లేదని, అప్పు గుర్తొస్తే గుండె దడొస్తుందని అతన్ని కూర్చోబెట్టి అడిగితే తప్ప చెప్పడు.

4. బాలింతల సంగతి అందరికంటే బాధాకరం. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికి వెళ్లాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డను తూకం వేస్తారు, జ్వరం చూస్తారు, బొడ్డు చూస్తారు. తల్లిని ‘మనసెట్లుంది బిడ్డా’ అని అడిగేవాళ్లు లేరు. పోయిన వానాకాలం ఒక అమ్మాయి పసిబిడ్డ గ్రైప్ వాటర్ కోసం వారంలో మూడుసార్లు నా షాపుకు వచ్చింది. బిడ్డ పడుకునే ఉంది. నేనేమీ అడగకుండానే, ‘వీనికి పాలు చాలుతలేవు, నేను మంచి తల్లిని కాదు’ అంది. వాళ్ల అమ్మకు కబురు చేసి డాక్టరు దగ్గరికి పంపాం. కాన్పు తర్వాత మొదటి వారంలో కొద్దిగా ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి, వాటంతటవే పోతాయి. రెండు వారాలు దాటితే చూపించాలి. బాలింత ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, బిడ్డ గురించి పొంతన లేని మాటలు చెప్తున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఇంట్లో వాళ్లు మాత్రం గాలి సోకిందని తాయెత్తు కడుతున్నారు. వాళ్లకు వేరే మాట చెప్పినవాళ్లు లేరు మరి.

5. ముసలివాళ్లు మాట తగ్గించి, అడిగింది మరిచిపోతుంటే ‘వయసైపోయింది’ అంటారు. అందులో కొంత వైద్యంతో నయమయ్యే దిగులు.

6. పిల్లలు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్న రాష్ట్రం మనది. పిల్లల్లో దిగులు ఎక్కువగా చిరాకు రూపంలో కనిపిస్తుంది. తరచూ తలనొప్పి, కడుపునొప్పి, మార్కులు పడిపోవడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం. హాస్టల్లో వార్డెన్‌కు ఇవి కనిపిస్తాయి. ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులోంచి వచ్చింది. మన పక్కింటి విషాదం అది.

ఇవేవీ దయతో చేయాల్సిన పనులు కావు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు, ప్రాథమిక స్థాయి నుంచి మామూలు వైద్యంలోనే దాన్ని కలపాలి. 31వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రుల మెడికల్ ఆఫీసర్లందరికీ ప్రాథమిక మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలి. జనాభాకు తగ్గట్టు మానసిక నిపుణులను సమకూర్చుకోవడానికి చట్టం పెట్టిన పదేళ్ల గడువు 2028 మేతో ముగుస్తుంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమైతే 1982 నాటిది. నా దరఖాస్తుకు జవాబుగా ‘జిల్లా ఆస్పత్రిలో డాక్టరున్నారు’ అని మెసేజ్ పంపినవారు ఈ రెండు సెక్షన్లూ ఒకసారి చదవాలని కోరుతున్నాను.

నా డిమాండ్లు ఇవి.

ఒకటి. సీబాక్ ఫారంలో ఆ రెండు ప్రశ్నలు నిజంగా అడగాలి. పుస్తకాల తెలుగులో కాకుండా ఊరి మాటలో అడగాలి. ‘ఈ రెండు వారాల సంది ఏ పని మీదికన్న మనసు పోతుందా? పొద్దంతా రందిగ ఉంటుందా?’ అంటే ఎవరికీ కోపం రాదు. బీపీ చూస్తూ ఆ మాటల్లో మాటగా, అత్త, మొగుడు పక్కన లేనప్పుడు అడగాలి. దీని మీద ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఒక రోజు శిక్షణ పెట్టండి, ఆ రోజుకు భత్యం ఇవ్వండి. ఒక సబ్‌సెంటర్ ఫారాలన్నీ సున్నాలే అయితే, అక్కడ ఎవరికీ జబ్బు లేదని కాదు, ఎవరూ అడగలేదని లెక్కవేసి మళ్లీ అడిగించండి. సున్నాలు వేసినందుకు కింది ఉద్యోగికి మెమో ఇవ్వొద్దు. నేర్పించండి.

రెండు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అవే నొప్పులతో మూడోసారి వచ్చిన మనిషికి ఇంకో పరీక్ష రాసే ముందు, తొమ్మిది ప్రశ్నల దిగులు పరీక్ష చేయాలి. పీహెచ్‌క్యూ-9 అని డాక్టర్లందరికీ తెలిసినదే. ఐదు నిమిషాల పని. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొందరు దాటేస్తారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగితే మనిషికి గుండె బరువు దిగుతుంది, మనకు ప్రమాదం తెలుస్తుంది.

మూడు. మందులు మండలంలోనే దొరకాలి, నెలకు సరిపడా ఇవ్వాలి. దీని గురించి అక్క అనుభవం చెప్పాలి. దిగులు మందు మొదలుపెట్టిన మొదటి పది రోజులు ఆమెకు వికారం ఎక్కువైంది, గుణం కనిపించలేదు. ‘రెండు మూడు వారాలు పడుతుంది, ఆపొద్దు’ అని డాక్టరు ముందే చెప్పి ఉండటం వల్ల ఆపలేదు. మూడో వారంలో ఒక రాత్రి తెల్లవారి ఐదింటిదాకా నిద్రపోయింది. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడమన్నారు, వాడింది. జ్వరానికి ఇచ్చినట్టు ఐదు రోజులకు మాత్రలిచ్చి పంపితే ఇది జరిగేది కాదు. సామాజిక ఆరోగ్య కేంద్రాల నుంచి పైస్థాయి ఆస్పత్రుల్లో అత్యవసర జాబితాలోని మందులు ఉచితంగా, ఎప్పుడూ అందుబాటులో ఉంచాలని చట్టంలోనే ఉంది. దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా తేవాలని అడుగుతున్నాను.

నాలుగు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు నెలలో ఒక నిర్ణీత రోజున ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. సంత రోజైతే మరీ మంచిది, జనం ఎలాగూ వస్తారు. జిల్లా ఆస్పత్రికి మా అక్క ఊరి నుంచి రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది, తోడు ఒక మనిషి రావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. మానసిక డాక్టరు అనగానే మా జనానికి గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి. ఆ పేరును తిట్టుగా వాడుకున్న పాపం మనందరిదీ. బీపీ చూపించుకునే గదిలోనే ఇదీ చూపించుకోవచ్చంటే ఆ భయం సగం పోతుంది.

ఐదు. మనసు బాధల గురించి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్, దాని నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి మెడికల్ షాపులో, ఆర్టీసీ బస్టాండులో, రేషన్ షాపులో, జూనియర్ కాలేజీ గోడ మీద రాయించండి. నా షాపులో నా డబ్బుతో రాయించాను. బిల్లు కవర్ల మీద కూడా స్టాంపు వేస్తున్నాను. మండలంలో మిగతా షాపులవాళ్లతో నేను మాట్లాడతాను, మీ నుంచి ఒక సర్క్యులర్ చాలు.

ఆరు. బాలింతల ఇంటికి వెళ్లే ఆ ఆరుసార్లలో కనీసం రెండుసార్లు, 14వ రోజు, 42వ రోజు, తల్లిని కూడా ఇవే ప్రశ్నలు అడిగి కార్డులో రాయాలి.

ఆర్ఎంపీల విషయంలో గొడవలున్నాయని తెలుసు. వాళ్ల చేత వైద్యం చేయించమని నేను అడగడం లేదు. అర్ధరాత్రి ఊళ్లో జనం మొదట తలుపు తట్టేది వాళ్లదే కాబట్టి, ఇలాంటివాళ్లు కనిపిస్తే సెలైన్ పెట్టకుండా దవాఖానాకు పంపమని వాళ్లకు గట్టిగా చెప్పండి. నా తోటి మెడికల్ షాపులవాళ్లకు కూడా ఒక మాట. హెచ్1 రిజిస్టరును ఇన్‌స్పెక్టర్ కోసం మాత్రమే నింపకండి. ఒకే పేరు మూడోసారి రాస్తున్నప్పుడు పెన్ను ఆపి, ‘నిద్రెట్లుంది?’ అని అడగండి, 14416 రాసివ్వండి.

అక్క ఇప్పుడు ఆ పసుపు సంచిలో కూరగాయల విత్తనాలు దాచుకుంటోంది. పోయిన దసరాకు తంగేడు పూలకు పోయింది. వాళ్ల ఊళ్లోనే ఇంకో ఇద్దరు ఆడవాళ్లను ఆమే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. చదువు ఐదో తరగతి. వాళ్లను ఎట్లా గుర్తుపట్టావని అడిగితే, ‘బాయికాడ నవ్వుడు బంద్ చేసిన్రు తమ్మీ, గంతే’ అంది.

ఈ లేఖ ప్రతిని మా మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఇస్తున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం మూడోసారి ప్రజావాణికి వస్తాను. అక్క కూడా వస్తానంది. ఈసారి రశీదుతో పాటు, మా మండలంలో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఏ తేదీన పెడుతున్నారో రాసివ్వండి.

ఇట్లు,
ఒక మండల కేంద్రం మెడికల్ షాపు ఫార్మసిస్టు